పూలకుండీకి వసంతం అక్టోబరులో వస్తుంది

ఉగాది ఇంకో పది రోజులుందనగా శ్రీకాకుళంలో ఏ మేడ ఎక్కి చూసినా ఒకటే దృశ్యం. జనవరిలో ముచ్చటపడి కొన్న పిటూనియాలు కాడలు సాగిపోయి, చివర ఒకటో రెండో పూలతో వేలాడుతుంటాయి. డాలియాలు నడుం విరిగినట్టు కూలబడతాయి. చామంతి కుండీలో గోధుమరంగు పుల్లలు మిగులుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫోన్ తెరిస్తే శ్రీనగర్‌లో ట్యులిప్ తోట తెరిచారని, జపాన్‌లో చెర్రీ చెట్ల కింద జనం పూలు చూస్తూ కూర్చున్నారని, హాలండ్‌లో క్యూకెన్‌హాఫ్ తోట కిక్కిరిసిపోయిందని వార్తలు. వసంతం వచ్చిందని లోకమంతా పూల పండగలు చేసుకుంటుంటే, వసంత రుతువని మనం చెప్పుకునే చైత్రంలోనే మన కుండీలు ఎందుకు ఎండిపోతున్నాయి?

"నా చెయ్యి మంచిది కాదండీ, ఏ మొక్కా బతకదు" అని చాలామంది అనేసుకుంటారు. ఏళ్ల తరబడి నేనూ అదే అనుకున్నాను. చేతిలో ఏ దోషమూ లేదు. మనం పెట్టుకున్న ముహూర్తమే తప్పు.

వసంతం అనే ఒక్క మాటలో మూడు సంగతులు కలగలిసిపోయాయి. పంచాంగం చెప్పే వసంతం ఒకటి, చైత్ర వైశాఖాలు. చలిదేశాల వసంతం ఇంకొకటి, మంచు కరిగి నేల మెత్తబడి, మట్టిలో పడుకున్న దుంపలు లేచే కాలం. మూడోది మొక్క లెక్క. దానికి నెలల పేర్లు తెలీవు. రాత్రి ఎంత పొడుగుంది, ఎంత చల్లగా ఉంది, వేళ్ల దగ్గర తడి ఎంత ఉంది, ఇవే దానికి పట్టేవి. ఈ మూడు వసంతాలూ ఒకేసారి వచ్చే ఊళ్లు ఉన్నాయి. మన కోస్తా వాటిల్లో ఒకటి కాదు.

ట్యులిప్‌నే తీసుకుందాం. ఆ దుంపకి దాదాపు 12 నుంచి 16 వారాల పాటు 9 డిగ్రీల లోపు చలి తగలాలి. తగిలితేనే లోపలున్న మొగ్గ కాడ సాగి పైకొస్తుంది. దాల్ సరస్సు పక్కన, జబర్వాన్ కొండల పాదాల దగ్గర 2007లో తెరిచిన ట్యులిప్ తోటకి ఆ చలి కశ్మీరు శీతాకాలం ఊరికే ఇస్తుంది. అందుకే మార్చి ఆఖర్లో అక్కడ పూలు. శ్రీకాకుళంలో డిసెంబరు రాత్రి ఎంత వణికించినా 16, 17 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆన్‌లైన్‌లో ట్యులిప్ దుంపలు కొని ఇక్కడ కుండీలో పెట్టేవాళ్లు దీన్ని ముందే తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. శీతల గిడ్డంగిలో ఉంచి పంపిన దుంప అయితే ఒకసారి పూసి ఊరుకుంటుంది, మరుసటేడు ఆకులు కూడా సరిగా రావు.

మన దేశంలో పేరున్న పూల ప్రదర్శనల తేదీలు గమనించండి. బెంగళూరు లాల్‌బాగ్‌లో ఏటా రెండుసార్లు, గణతంత్ర దినోత్సవానికీ స్వాతంత్ర్య దినోత్సవానికీ. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఆగస్టులో కూడా పూలకి ఇబ్బంది లేదు. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది, అక్కడ ప్రదర్శన మేలో. ఢిల్లీ రాష్ట్రపతి భవన్ తోట, 2023 నుంచి అమృత్ ఉద్యాన్ అంటున్నాం, చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో జనానికి తెరుస్తారు. ఎవరి ఎత్తునిబట్టి, ఎవరి చలినిబట్టి వాళ్ల తేదీ. మన తేదీ ఎలా తెలుస్తుంది?

దానికి మంచి గుర్తు అరసవల్లిలో ఉంది. ఏడాదికి రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ, మబ్బు లేకపోతే తొలికిరణం సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతుంది. ఆ నిమిషాల కోసం తెల్లవారకముందే జనం బారులు తీరతారు. రెండు తేదీల్లోనూ సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు, అందుకే కిరణం ఒకే దారిన లోపలికి వస్తుంది. పగటి పొడవు కూడా రెండు రోజుల్లోనూ ఒకటే, దాదాపు 12 గంటలు. సూర్యుడు అదే, వెలుగు అంతే. అయినా అక్టోబరు కిరణం నాటికి చామంతి మొగ్గకి సిద్ధమవుతుంటే, మార్చి కిరణం నాటికి అదే మొక్క సెలవు తీసుకుంటుంది.

తేడా అంతా ఆ రోజు తరవాత కాలం ఎటు నడుస్తుందన్నదాంట్లో ఉంది. అక్టోబరులో నేల నాలుగు నెలల వానకి నాని ఉంటుంది, అక్కణ్నుంచి రాత్రులు పొడుగవుతూ చల్లబడుతూ పోతాయి. మార్చిలో నేల ఎండిపోయి ఉంటుంది, రోజురోజుకీ పగలు పొడుగూ వేడి ఎక్కువా. మన కుండీ పూలకి వసంతం అక్టోబరు కిరణంతో మొదలై మార్చి కిరణంతో ముగుస్తుంది. నడిమధ్యన సంక్రాంతి, రథసప్తమి. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని పెద్దవాళ్లు అంటారు కదా, పిటూనియా కూడా ఆ చలి వెంటే వెళ్లిపోతుంది.

రాత్రి పొడవు అంటే నమ్మబుద్ధి కానివాళ్లు పాదుచిక్కుడుని గుర్తు తెచ్చుకోండి. ఆషాఢంలో గింజ పెడితే శ్రావణ భాద్రపదాల్లో పందిరంతా కమ్మేస్తుంది కానీ ఒక్క పువ్వు పుయ్యదు. "ఆకు తప్ప కాయ లేదు, పీకేద్దామా" అని ఇంట్లో గొడవ. కార్తీకం వచ్చేసరికి గుత్తులు గుత్తులుగా పూత. రాత్రులు తగినంత పొడుగైతే తప్ప పాత రకాల చిక్కుడు పూతకి రాదు. అందుకే రథసప్తమి నాటికి చిక్కుడుకాయలకి కొదవ ఉండదు, ఆ కాయలతోనే రథం చేస్తాం. మొక్కలు ఇలా పగలూరాత్రీ కొలుచుకుంటాయని 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కల మీద పరీక్షించి చెప్పారు. చామంతిదీ అదే స్వభావం. పూత ఆలస్యం కావాలనుకున్న రైతులు చామంతి మళ్లలో రాత్రిళ్లు బల్బులు వెలిగించేది అందుకే.

మా ఇంట్లోనే చూశాను. రెండు చామంతి కుండీలు, ఒకే తల్లిమొక్క పిలకలు. ఒకటి వీధి వసారాలో, ఒకటి పెరటి గోడ పక్కన. నవంబరు ఆఖరికి పెరట్లోది గుండీలంత మొగ్గలతో నిండిపోయింది. వీధివైపుది పచ్చగా, నిగనిగలాడుతూ, ఒక్క మొగ్గ లేకుండా నిలబడింది. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను. సంగతేంటంటే వీధిదీపం తెల్లవార్లూ దాని నెత్తిమీదే వెలుగుతోంది. మొక్కకి రాత్రే పడలేదు. కుండీని పెరట్లోకి జరిపితే సంక్రాంతి దాటాక అదీ పూసింది.

ఇక వేడి సంగతి. పగలు ఆకు వండిన తిండిని మొక్క రాత్రి ఖర్చు పెట్టుకుంటుంది. రాత్రి చల్లగా ఉంటే ఖర్చు తక్కువ, మిగిలినదంతా పువ్వుకి పోతుంది. వెచ్చగా ఉంటే సంపాదన అంతా రాత్రికే సరి. మనది సముద్రపు గాలి, ఆ తేమ వల్ల ఎండాకాలం రాత్రుళ్లు పెద్దగా చల్లబడవు. మార్చిలో పిటూనియా పువ్వు రూపాయి బిళ్లంత అయిపోవడానికి కారణం అదే, ఎంత ఎరువేసినా అది మారదు.

ఈ లెక్క తెలిస్తే పూల ప్రదర్శనకి వెళ్లినప్పుడు కళ్లు వేరేలా చూస్తాయి. అక్కడ నిండా విరబూసిన పిటూనియా మూడు నెలల కిందట విత్తనం. బంతికి విత్తిన రోజు నుంచి పువ్వుకి రెండు నెలలు పైచిలుకు. చామంతి పిలక నాటింది ఏ జూన్, జులైలోనో. మన జిల్లాల నర్సరీలకి వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచి, దాదాపు 300 కిలోమీటర్లు లారీలో ప్రయాణం చేసి వస్తాయి. నీడ, తడి, మందు అన్నీ లెక్కగా అందుకుని పెరిగిన మొక్క, దాని జీవితంలో అతి అందమైన వారంలో మన కంటపడుతుంది. మనం కొనేది మొక్క అనుకుంటాం, నిజానికి చివరి మూడు వారాల పూలు కొంటున్నాం. అది తప్పేమీ కాదు, తెలిసి కొంటే చాలు. ఎక్కువ రోజులు ఉండాలంటే విరబూసినదాన్ని వదిలి, మొగ్గలు ఎక్కువ ఉన్నది, పొట్టిగా గుబురుగా ఉన్నది ఏరుకోవాలి. పువ్వు చూసి కాదు, మొగ్గ చూసి కొనాలి.

ఒక జనవరిలో నేను అలాంటి పూల ప్రదర్శనలో ఆరు కుండీలు కొన్నాను. అక్కడే ఒక గంట పాఠం కూడా విన్నాను. తెర మీద అందమైన తోటల బొమ్మలు చూపించి, రోజూ నీళ్లు పొయ్యండి, నెలకోసారి ఎరువు వెయ్యండి అన్నారు. అంతా రాసుకున్నాను, అలాగే చేశాను. ఫిబ్రవరి నడిమికి నాలుగు కుండీలు ఖాళీ.

బొబ్బిలి నుంచి మా మేనత్త వచ్చినప్పుడు మిగిలిన రెండింటినీ చూసింది. వాడిన ఆకులు చూసి నేను నీళ్ల చెంబు తేబోతే ఆపింది. "ఏటే గుంటా, దానికి దాహం నేదు. నీళ్లు పోసీసి పోసీసి ముంచీసినావు, ఊపిరాడక సచ్చిపోతంది" అంది. కుండీని ఎడంచేతి మీదికి బోర్లించి, మొక్క కాడ రెండు వేళ్ల మధ్య పెట్టుకుని, అంచుని గట్టుకేసి రెండు దెబ్బలు కొట్టింది. మట్టి ముద్ద మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. అడుగున వేళ్లు తాడు చుట్టినట్టు గుండ్రంగా చుట్టుకుని, గోధుమరంగు తిరిగి, ముట్టుకుంటే పైతోలు జారిపోతోంది. ముద్ద నడిమి నుంచి మురిగిన కుడితి వాసన. బతికిన వేరు తెల్లగా ఉంటుందని, మంచి మట్టికి తొలకరి వాసన ఉంటుందని ఆవిడ ఒక్క కుండీ తిప్పి చూపించింది. నీళ్లు పొయ్యాలో వద్దో తెలియాలంటే చూపుడు వేలు రెండు కణుపులు మట్టిలోకి దించమంది. తడి తగిలితే ఆ రోజుకి చెంబు ముట్టుకోవద్దు. వాడిన ఆకు దాహానికీ గుర్తే, మునకకీ గుర్తే, వేలు చెప్పాలి.

ఆ పది నిమిషాల్లో నాకు అర్థమైంది, తోటపని పాఠం ఎక్కడ తప్పిపోతోందో. పాఠాలు పూల పండగతో కలిపి పెడుతున్నాం. జనవరిలో, పువ్వు ఎదురుగా ఉన్నప్పుడు, జనం గుమిగూడతారు కాబట్టి. కానీ అప్పటికి చెయ్యాల్సిన పనులు ముప్పాతిక అయిపోయాయి. పెళ్లి భోజనాల దగ్గర కూర్చోబెట్టి నారు పొయ్యడం నేర్పినట్టుంటుంది. అసలు పాఠం వినాయక చవితికీ దసరాకీ మధ్య జరగాలి. అప్పుడు చెప్పిందల్లా మర్నాడే ఇంటికెళ్లి చెయ్యొచ్చు. నెల తరవాత అదే జనం తమ కుండీలు పట్టుకుని రెండోసారి రావాలి. మూడోసారి డిసెంబరులో. ఒక్క గంట ఉపన్యాసంతో ఎవరూ తోటమాలి కారు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1970ల మొదట్లో ఒక పద్ధతి మొదలైంది. వ్యవసాయ విస్తరణాధికారులకి ఇంటి తోటల వాళ్ల ప్రశ్నలు తట్టుకోలేనంత ఎక్కువైపోతే, ఆసక్తి ఉన్న మామూలు జనానికే వారాల తరబడి శిక్షణ ఇచ్చారు. ఫీజుకి బదులుగా వాళ్లు ఇన్ని గంటలు ఊరివాళ్ల సందేహాలు తీర్చాలి. మాస్టర్ గార్డెనర్లు అంటారు వాళ్లని. ఆ పద్ధతి మనకి బాగా నప్పుతుంది, ఎందుకంటే నేర్పగలిగినవాళ్లు మన దగ్గర ఉన్నారు. నైరలో వ్యవసాయ కళాశాల ఉంది, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వాటిని మించి, మా మేనత్తలాంటి వాళ్లు వీధికి ఇద్దరున్నారు. వాళ్లని వేదిక మీద కూర్చోబెట్టనక్కర్లేదు, చేతికి ఒక కుండీ ఇస్తే చాలు.

అక్కడి పాఠాల్లో మొదట చెప్పేది ఆఖరి మంచు ఎప్పుడు పడుతుందన్నది. ఆ తేదీ దాటాకే నారు బయట పెడతారు. మనకి మంచు గండం లేదు కానీ తుఫాను గండం ఉంది. 2013లో ఫైలిన్ తీరం దాటింది అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అదే అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న. ఉద్దానం కొబ్బరి, జీడితోటల్ని తిత్లీ ఏం చేసిందో చూసినవాళ్లకి ఆ తేదీలు మరవడం కష్టం. కాబట్టి మన పాఠంలో మొదటి మాట ఇలా ఉండాలి: అక్టోబరు మొదటి వారంలో బంతి విత్తనం ట్రేలలోనో పాత పళ్లేల్లోనో చల్లండి, గాలీవానా హెచ్చరిక వస్తే లోపలికి తెచ్చుకునేలా. నెలాఖరుకి నారు నాలుగైదు ఆకులతో ఉంటుంది, అప్పుడు నాటండి. నాటిన మూడు వారాలకి తల తుంచండి. మనసు ఒప్పదు, కానీ తుంచితే పక్కకొమ్మలు నాలుగొస్తాయి, పూత పది రోజులు వెనక్కి జరిగి సరిగ్గా గొబ్బెమ్మల వేళకి అందుతుంది.

మట్టి సంగతి కూడా ఊరినిబట్టే. విజయనగరం వైపు ఎర్రమట్టి, ఎండితే గట్టిపడుతుంది. తీరంలో ఇసుక, నీళ్లు నిలవవు. రెండు చోట్లా పనికొచ్చే కలగలుపు ఒకటే, ఎర్రమట్టి, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు), నదీ ఇసుక సమపాళ్లు. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు. బరువు తగ్గించాలంటే కొబ్బరిపొట్టు కలపొచ్చు. బజారులో ఇటుకల్లా కట్టి అమ్మే కోకోపీట్ అంటే ఇదే, ఉద్దానంలో కొబ్బరి ఉన్నచోట దీనికి కొదవ లేదు. అయితే పచ్చిపొట్టులో లవణాలుంటాయి. నీళ్లలో నానబెట్టి, ఆ టీ రంగు నీళ్లు పారబోసి, మూడుసార్లు అలా కడిగాకే కుండీకి. చాలామందికి కోకోపీట్ "పడకపోవడం" ఈ కడుగుడు మానేసినందుకే.

మరి చైత్రంలో మనకి పూలే లేవా? అలా అంటే మహా పాపం. చైత్రం పూలు కుండీలో ఉండవు, చెట్టు మీద ఉంటాయి. ఆకంతా రాల్చేసిన మోదుగ కొండవాలున నిప్పులా పూస్తుంది. సీతంపేట వైపు మన్యంలో ఇప్పపూలు తెల్లవారుజామున టపటపా రాలుతుంటే గిరిజనులు బుట్టలతో ఏరుకుంటారు. వేప పువ్వు ఉగాది పచ్చడికి అందుతుంది. శ్రీకూర్మంలో ఫాల్గుణ పౌర్ణమికి డోలోత్సవం చేసుకునేది ఈ పూల వేళలోనే. ఈ చెట్ల వేళ్లు లోతుకి పోతాయి, ఎండ వాటికి శత్రువు కాదు. ఆకు అడ్డం లేకుండా పూస్తే పిట్టకీ తేనెటీగకీ దూరం నుంచే కనిపిస్తాయి.

అన్నింటినీ మించి మల్లె. ఈ మొక్కకి మాత్రం పాఠం డిసెంబరులోనే చెప్పాలి. నెల రోజులు నీళ్లు బిగబట్టి, సంక్రాంతిలోపు నేల నుంచి మూరెడు ఎత్తు ఉంచి కొమ్మలు కత్తిరించి, పాత ఆకు దులిపేసి, పాదు చేసి గెత్తం వేసి నీళ్లు పెట్టాలి. కొత్త చిగురు చివరే మొగ్గ వస్తుంది, అందుకే ఈ కత్తిరింపు. ఫాల్గుణంలో మొదలుపెట్టి జ్యేష్ఠం దాకా పూస్తుంది. కత్తిరించని మల్లె ఆకులు పెంచుకుని కూర్చుంటుంది.

నా ఆశ ఒకటుంది. మన జిల్లాల్లో పూల పండగ ఒకటి కాదు, రెండు జరగాలి. రథసప్తమి రోజుల్లో శ్రీకాకుళంలో బంతి, చామంతి, డాలియాల పండగ, అవి అప్పుడే నిండుగా ఉంటాయి. చైత్రంలో విజయనగరం పెద్దచెరువు గట్టున సాయంత్రం పూట మల్లె, విరజాజి, సంపెంగల పండగ. మల్లెమొగ్గ విచ్చుకునేది చీకటి పడ్డాకే, మధ్యాహ్నం ప్రదర్శన పెడితే దాన్ని అవమానించినట్టే. ఈ రెండూ కాక, దసరా ముందు, పూలేమీ లేని ఖాళీ కుండీలతో తోటపని తరగతులు.

ఈలోపు ఆ ఎండిన పిటూనియా కుండీ ఉంది కదా. నీళ్లు పొయ్యడం ఆపేయండి. మొక్క పీకి వేళ్లు ఒకసారి చూడండి. మట్టిని పల్చగా మేడ మీద పరిచి, తడి చల్లి, పారదర్శక పాలిథీన్ పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టి నెల రోజులు వదిలేయండి. మన ఏప్రిల్ ఎండకి మట్టిలోని తెగుళ్లు చాలావరకు చస్తాయి. తరవాత గుప్పెడు వేపపిండి కలిపి గోనెసంచిలో కట్టి నీడన పెట్టండి. ఖాళీ కుండీలో బిళ్లగన్నేరు కొమ్మో, గడ్డిగులాబీ తుంపో గుచ్చండి. అవి ఎండలో పూస్తాయి. గోనెసంచి మూతి అక్టోబరులో విప్పుదురు గాని.